‘వీక్ స్టూడెంట్’ అనే ఒక్క మాట కింద

మొదటి ఇంటర్నల్స్ అయిపోగానే చాలా డిపార్ట్‌మెంట్లలో ఒక జాబితా తయారవుతుంది. స్టాఫ్ రూములో దాన్ని ‘వీక్ స్టూడెంట్స్ లిస్టు’ అంటారు. న్యాక్ కోసం రాసే స్వీయ నివేదికలో అదే ‘స్లో లెర్నర్స్’ అవుతుంది, వాళ్ళ కోసం ఏం చేశారో చెప్పడానికి అక్కడ ఒక గడి కూడా ఉంది. ఆ జాబితాలో ఎవరి పేర్లుంటాయో చదవకుండానే చెప్పొచ్చు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు, ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం పిల్లలు. వాళ్ళకి సాయంత్రం నాలుగు దాటాక రెమెడియల్ క్లాసు పెడతారు. ఒక గెస్ట్ ఫ్యాకల్టీ వచ్చి టెన్సులు, ఆర్టికల్సు, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ బోర్డు మీద రాస్తారు. ఎనిమిదో తరగతిలో విన్న పాఠమే అది. నెల తిరిగేసరికి హాజరు సగానికి పడిపోతుంది. ‘మేం పెట్టాం, వాళ్ళే రాలేదు’ అని నివేదికలో రాసుకుంటారు. గడి నిండుతుంది.

ఆ క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని ఊహించండి. ఒకరు తెలుగులో ధారాళంగా రాస్తారు. ఊరి గురించి, చెరువు గురించి, చదివిన నవల గురించి పది పేజీలిచ్చినా చాలవు. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి మాత్రం వాక్యం విరిగిపోతుంది. రెండో మనిషిని నోటితో అడిగితే క్లాసులో అందరికంటే బాగా జవాబు చెప్తారు. కాగితం ముందు పెడితే తెలుగైనా ఇంగ్లీషైనా చెయ్యి కదలదు. చదువుతుంటే లైను తప్పిపోతుంది. బోర్డు మీదున్నది ఎక్కించుకునేలోపు చెరిపేస్తారు. వత్తులూ గుణింతాలూ చిన్నప్పటినుంచీ తారుమారే. మొదటి మనిషికి కావలసింది కొత్త భాషలో రాయడం దగ్గరుండి నేర్పేవాళ్ళు. రెండో మనిషికి డిస్లెక్సియానో డిస్‌గ్రాఫియానో ఉండొచ్చు. చట్టం దాన్ని వైకల్యంగా గుర్తించింది, దానితో పాటు కొన్ని హక్కులూ ఇచ్చింది. మన కాలేజీలు ఇద్దరికీ ఒకే పేరు పెట్టి, ఒకే టెన్సుల పాఠం చెప్పి, ఇద్దరినీ ఫెయిల్ చేస్తున్నాయి. ఈ రెండూ కలిసి ఉన్న మూడో మనిషి గురించి అడిగేవాళ్ళే లేరు.

ఇంగ్లీషు కావాలా వద్దా అన్న చర్చ మన ఉద్యమంలో ఎప్పుడో తేలిపోయింది. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చైన తన కవితా సంపుటిలోనే ఇంగ్లీషు చదువును కోరుకుంది. కంచ ఐలయ్య దశాబ్దాలుగా అదే వాదిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపుతూ మన పిల్లలకు మాతృభాష మహిమ బోధించేవాళ్ళతో మళ్ళీ వాదన పెట్టుకోనక్కర్లేదు. మీడియం మారితే రాయడం దానంతటదే వచ్చేస్తుందన్న నమ్మకం మాత్రం మనలోనూ పాతుకుపోయింది. ఎంఏలో చేరిన అమ్మాయి చేత ఇరవై పేజీల టర్మ్ పేపరు రాయించే బాధ్యత ఎవరిదో ఏ జీవోలోనూ ఉండదు.

చట్టం ఏమంటోందో ముందు చూద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యాలకు అందులో చోటు లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచి డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియాలను చేర్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్నవాళ్ళకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని 32వ సెక్షన్ చెప్తోంది. రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్ ఇవ్వాలని కేంద్రం 2018 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది. 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి, రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకూ ఈ సౌకర్యాలు అందాలని 2022 ఆగస్టులో మరో ఉత్తర్వు వచ్చింది. అది ఊరికే రాలేదు. యూపీఎస్సీ పరీక్షకు స్క్రైబ్‌ను నిరాకరించిన కేసులో 40 శాతం గీత చూపించి సౌకర్యాన్ని ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది నవంబరులో, డిస్‌గ్రాఫియా ఉన్న ఒక నీట్ అభ్యర్థినికి అదనపు సమయం ఇవ్వకుండా పేపరు లాక్కున్న వ్యవహారంలోనూ ఆమెకు అన్యాయం జరిగిందని తేల్చింది.

ఇన్ని ఉన్నా ఈ హక్కు చేతికి అందాలంటే ముందు సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ రావాలంటే ఎవరో ఒకరు అనుమానించాలి. పెద్ద ఊళ్ళోని ప్రైవేటు స్కూల్లో కౌన్సిలర్ ఉంటారు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటారు. అమ్మానాన్నలు ఇంగ్లీషు పత్రికలో వ్యాసం చదివి డాక్టరును అడుగుతారు. క్లినిక్‌లో వేల రూపాయలు కట్టి పరీక్షలు చేయిస్తారు. మంచిదే, ఆ బిడ్డకూ అది న్యాయమే. మండల కేంద్రంలో ప్రభుత్వ హైస్కూల్లోనో హాస్టల్లోనో చదివిన పిల్ల విషయంలో అనుమానించేవాళ్ళుండరు. ఎందుకంటే అక్కడ కారణం ముందే సిద్ధంగా ఉంటుంది: ‘తెలుగు మీడియం కదా’, ‘ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు కదా’. గట్టిగా బయటికి అనని ఇంకో కారణం కూడా ఉంది, అది మనందరికీ తెలుసు. ‘రిజర్వేషన్‌లో వచ్చారు కదా’ అన్న మాట వైకల్యాన్ని పూర్తిగా కప్పేస్తుంది.

ఈ కప్పేయడం స్టాఫ్ రూములోనే కాదు, వైద్యశాస్త్రం నిర్వచనంలోనూ ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 ప్రకారం, బోధన సరిగ్గా అందకపోవడం వల్లో, బోధనా భాష రాకపోవడం వల్లో వచ్చిన ఇబ్బందిని అభ్యసన వైకల్యంగా లెక్కించకూడదు. అమెరికా ప్రత్యేక విద్యా చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ప్రధానంగా సాంస్కృతిక, ఆర్థిక వెనుకబాటు వల్ల వచ్చిన ఇబ్బందిని కూడా బయట పెట్టింది. పైకి చూస్తే ఇది సబబే. భాష రాని పిల్లవాడికి జబ్బు ముద్ర వేయొద్దనే కదా! కానీ టీచరు లేని బడిలో చదివిన డిస్లెక్సియా పిల్ల ఏమవుతుంది? బడి బాగోలేదు కాబట్టి ఆమె వైకల్యం చెల్లదు. మంచి బడిలో చదివినవాళ్ళకే డిస్లెక్సియా ఉండే అర్హత అన్నమాట. మన 2016 చట్టంలోని నిర్వచనంలో ఈ మినహాయింపు లేదు. మాటలను గ్రహించి వాడుకునే ప్రక్రియలోని లోపం, దానివల్ల చదవడంలో, రాయడంలో, స్పెల్లింగులో, లెక్కల్లో వచ్చే ఇబ్బంది అని మాత్రమే అది చెప్తోంది. పార్లమెంటు పెట్టని గోడను పరీక్షించే గదిలో కట్టొద్దని మనం గట్టిగా అడగాలి.

ఆ గదిలో వాడే సాధనాల సంగతి కూడా చెప్పుకోవాలి. ధ్రువీకరణ కోసం 2018లో నోటిఫై చేసిన మార్గదర్శకాలు నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షల వరుసను పేర్కొన్నాయి. అది బడి పిల్లల కోసం తయారైంది, దాని పై స్థాయి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయసుకు. ఇరవై రెండేళ్ళకు ఎంఫార్మ్‌లో చేరి మొదటిసారి అనుమానం వచ్చినవాళ్ళకు ఏ కొలబద్ద? జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం 2015లో భారతీయ భాషల కోసం ‘డాలి’ అనే సాధనాన్ని విడుదల చేసినప్పుడు అందులో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు ఉన్నాయి. ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు. ఇది చిన్న లోటు కాదు. తెలుగు లిపిలో రాసినట్టే పలుకుతాం. అలాంటి లిపుల్లో డిస్లెక్సియా తప్పులుగా కంటే నెమ్మదిగా బయటపడుతుంది. పిల్లవాడు తప్పు లేకుండానే చదువుతాడు, కానీ కూడబలుక్కుంటూ చదువుతాడు. బట్టీ పట్టి పది గట్టెక్కుతాడు. రాసేదొకటి పలికేదొకటి అయిన ఇంగ్లీషులోకి రాగానే కూలిపోతాడు. అప్పుడు అందరూ ‘ఇంగ్లీషు రాదు’ అంటారు. అందుకే రెండు భాషల్లోనూ చూడాలి. తెలుగులో సాఫీగా రాస్తూ ఇంగ్లీషులోనే తడబడితే అది చాలావరకు భాష సమస్య. రెండింటిలోనూ, చిన్నప్పటినుంచీ, నోటికీ చేతికీ మధ్య అంత దూరం ఉంటే ఇంకా లోతుగా చూడాలి.

తప్పు ఇంకోవైపు కూడా జరుగుతుంది, జరిగింది. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే మెక్సికన్ అమెరికన్ పిల్లలకు ఇంగ్లీషులో తెలివితేటల పరీక్ష పెట్టి, మార్కులు తక్కువొచ్చాయని మందబుద్ధుల తరగతుల్లో వేశారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. రెండు భాషల్లో మళ్ళీ పరీక్షిస్తే వాళ్ళలో ఎక్కువమంది మామూలు పిల్లలేనని తేలింది. 1970లో డయానా కేసుగా ముగిసిన ఆ ఒప్పందం తర్వాతే పిల్లల సొంత భాషలో పరీక్షించాలన్న నియమం గట్టిపడింది. తొమ్మిదేళ్ళ తర్వాత అదే రాష్ట్రంలో నల్లజాతి పిల్లల విషయంలో ల్యారీ పి కేసు తీర్పు వచ్చింది. అంటే అణగారినవాళ్ళ పిల్లలకు లేని వైకల్యాన్ని అంటగట్టడం, ఉన్న వైకల్యాన్ని చూడకపోవడం రెండూ ఒకే వ్యవస్థ చేయగలదు. చూసేవాళ్ళకు ముందు కనిపించేది పిల్ల కాదు, పిల్ల పుట్టిన చోటు.

ఇక మొదటి రకం విద్యార్థి దగ్గరికి వద్దాం. తెలుగు మీడియం విద్యార్థి ఇంగ్లీషు తప్పులు ఇష్టమొచ్చినట్టు పడినవి కావు. వాటికి తెలుగులో వేర్లున్నాయి. ‘వస్తాడు’ అంటే రోజూ వచ్చేవాడూ అవుతాడు, రేపు రాబోయేవాడూ అవుతాడు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ వేరే క్రియలు కావాలి. ‘వచ్చింది’ అన్న క్రియ బస్సుకీ సరిపోతుంది, అక్కకీ సరిపోతుంది, అందుకే ‘షీ’, ‘ఇట్’ తారుమారవుతాయి. ఆర్టికల్సు మనకు లేనే లేవు. ‘మనం’, ‘మేము’ అని మనకు రెండు మాటలున్నాయి, ఇంగ్లీషులో ‘వి’ ఒక్కటే. తన వాడ గురించి రాసే దళిత విద్యార్థి ‘మేము’ అన్నప్పుడు చదివే ప్రొఫెసరు ఆ మాటలో లేడు. ఇంగ్లీషులో ‘వి’ అని రాయగానే ఆయన కూడా అందులోకి వచ్చి కూర్చుంటాడు. దాన్ని విడమరిచి రాయడం ఎవరో ఒకరు నేర్పాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘అని’. ‘భూమి ఇస్తామని అధికారులు చెప్పారు’ అన్న మాట ఊళ్ళో ఇంటర్వ్యూలో రికార్డయింది అనుకోండి. విద్యార్థి దాన్ని ‘ది ఆఫీసర్స్ సెడ్ దట్ వి విల్ గివ్ ల్యాండ్’ అని రాస్తాడు. తెలుగులో ‘అని’కి ముందున్న మాట మాట్లాడినవాళ్ళదిగానే ఉండిపోతుంది. ఇంగ్లీషులో అలా ఉండదు, ‘వి’ అంటే రాసేవాళ్ళ వైపు తిరుగుతుంది. ఇప్పుడు ఆ వాక్యం ప్రకారం భూమి ఇవ్వాల్సింది ఎవరు? ఊరివాళ్ళు! సర్కారు చేసిన వాగ్దానం కాస్తా ఊరివాళ్ళ మెడకు చుట్టుకుంది. గైడు ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీసి ‘గ్రామర్’ అని రాస్తే విద్యార్థికి ఏం అర్థమవుతుంది? ఎదురుగా కూర్చుని ‘ఇక్కడ భూమి ఎవరిస్తామన్నారు?’ అని అడిగేవాళ్ళుంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఆ ఒక్కసారితో, ఆ థీసిస్‌లో ‘అని’ ఉన్న ప్రతి వాక్యాన్నీ అతనే వెతికి దిద్దుకుంటాడు.

ఒకరితో ఒకరు కూర్చుని చేసే ఈ పనినే రైటింగ్ ట్యూటరింగ్ అంటారు. టెన్సుల క్లాసుకీ దీనికీ పోలిక లేదు. దీనికి ఒక చరిత్ర ఉంది, అది మనది కాకపోయినా మనకు దగ్గరిది. 1913లో బాబాసాహెబ్ అడుగుపెట్టిన కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరంగా నడిచి వెళ్ళేంత దూరంలో, హార్లెమ్‌లో, సిటీ కాలేజీ ఆఫ్ న్యూయార్క్ ఉంది. ప్రభుత్వ కాలేజీ, ఫీజు లేదు. అయినా చుట్టూ ఉన్న నల్లజాతి, ప్యూర్టోరికన్ పిల్లలకు అందులో సీట్లు దొరికేవి కావు. 1969 వసంతంలో ఆ విద్యార్థులు కాలేజీ గేట్లు మూసి కూర్చున్నారు. 1970 నుంచి హైస్కూలు పాసైన ప్రతి నగరవాసికీ ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశం వచ్చింది. వేలమంది కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళ వ్యాసాలు చూసిన చాలామంది ప్రొఫెసర్లు ‘వీళ్ళకు చదువు చెప్పలేం’ అని చేతులెత్తేశారు. మినా షాగ్నెసీ అనే అధ్యాపకురాలు ఆ చేతిరాత వ్యాసాలను, దాదాపు నాలుగు వేలు, కట్టలు కట్టలుగా చదివింది. తప్పులు లెక్కపెట్టడానికి కాదు, అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుసుకోవడానికి. ప్రతి తప్పు వెనకా ఒక తర్కం ఉందని, ఆ విద్యార్థులు తెలివితక్కువవాళ్ళు కారని, రాయడంలో కొత్తవాళ్ళని 1977లో వచ్చిన ఆమె పుస్తకం నిరూపించింది. ఆ కాలేజీలో కొత్తవాళ్ళకు రాయడం నేర్పినవాళ్ళలో ఆడ్రే లార్డ్, జూన్ జోర్డన్, టోనీ కేడ్ బంబారా కూడా ఉన్నారు. గెస్ట్ ఫ్యాకల్టీకి మిగిలిపోయిన పనిగా కాదు, కాలేజీలో ముఖ్యమైన పనిగా చేశారు. తర్వాత కథ మనకు తెలిసినట్టే నడిచింది. 1976లో నగరం దివాలా పేరుతో ఫీజులు పెట్టారు, అధ్యాపకులను తీసేశారు. 1990ల చివర్లో నాలుగేళ్ళ కాలేజీల నుంచి రెమెడియల్ కోర్సులనే తొలగించాలని పాలకమండలి తీర్మానించింది. కారణంగా చెప్పిన మాట ‘ప్రమాణాలు’. ఆ మాట వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి కదా.

ట్యూటరింగ్ అనగానే ఇంకో ప్రమాదం ఉంది, అది మంచివాళ్ళ నుంచే వస్తుంది. అమెరికా రైటింగ్ సెంటర్లలో చాలాకాలం ఒక సిద్ధాంతం నడిచింది: ట్యూటర్ దిద్దకూడదు, చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి, విద్యార్థి తనే కనుక్కోవాలి. ఇంట్లో ఆ ఇంగ్లీషే విని పెరిగినవాళ్ళకు ఇది బాగుంటుంది. ‘ఈ వాక్యం చెవికి ఎలా వినిపిస్తోంది?’ అని అడిగితే వాళ్ళ చెవి జవాబు చెప్తుంది. మన విద్యార్థి చెవిలో ఆ భాష లేదు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి కనుక్కుంటాడు? లీసా డెల్పిట్ 1988లో ఈ సంగతే నల్లజాతి ఉపాధ్యాయుల తరఫున గట్టిగా చెప్పింది. అధికారంలో ఉన్నవాళ్ళ సంస్కృతికి నియమాలున్నాయి, అవి ఉన్నవాళ్ళకు కనిపించవు, లేనివాళ్ళకు విప్పి చెప్పకపోతే తలుపు మూసినట్టే. ఇంట్రడక్షన్‌లో వాదన ఎక్కడ పెట్టాలి, ఇతరుల మాటను తన మాటగా ఎలా మార్చాలి, లిటరేచర్ రివ్యూ అంటే పుస్తకాల జాబితా ఎందుకు కాదు, ఇవన్నీ నోరు తెరిచి చెప్పాల్సిన విషయాలే. చెప్పకుండా ‘నీ అంతట నువ్వే’ అనడం, ప్రజాస్వామ్యం వేషంలో ఉన్న పాత గురుకులమే.

అయితే అన్నీ ఒకేసారి చెప్పకూడదు. మంచి ట్యూటర్ ముందు పేపరు పక్కన పెట్టించి ‘ఏం చెప్పాలనుకుంటున్నావో తెలుగులో చెప్పు’ అంటారు. చెప్తుంటే ఫోనులో రికార్డు చేస్తారు. ఆ ఐదు నిమిషాల మాటలో ఉన్న వాదన, రాసిన పది పేజీల్లో ఉండదు. దాన్ని వరుసలో పెట్టాక పేరాలు, పేరాలయ్యాక వాక్యాలు. వాక్యాల్లో కూడా ఆ రోజుకు ఒకటో రెండో రకాల తప్పులే చూస్తారు. డిస్లెక్సియా ఉన్నవాళ్ళ దగ్గర పద్ధతి మారుతుంది. వాళ్ళకు స్పెల్లింగ్ నియమం పదోసారి చెప్పడం కాలం వృథా, అవమానం కూడా. స్పెల్లింగ్ పని కంప్యూటరుకు వదిలేయాలి. రాసింది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, మాటను రాతగా మార్చే యాప్, పెద్ద అక్షరాల్లో ఎడం ఎడంగా ప్రింటు తీసిన రీడింగ్, పనిని చిన్న ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో గడువు ఇస్తే సగం భారం దిగుతుంది. ఆలోచించడం, అక్షరాలు పేర్చడం రెండూ ఒకేసారి చేయమనకూడదు. భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళకు వివరణ కావాలి, వీళ్ళకు దారి మార్చడం కావాలి. తేడా తెలియని ట్యూటర్ మనసెంత మంచిదైనా కీడే చేస్తారు.

తిరగరాయడం అంటే తక్కువతనం అన్న భావన కూడా మన పిల్లల్ని తింటోంది. లండన్‌లో బాబాసాహెబ్ సమర్పించిన ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ థీసిస్‌పై 1923లో పరీక్షకులు అభ్యంతరం చెప్పి మళ్ళీ రాయమన్నారని జీవితచరిత్రకారులు రాశారు. ఆయన తిరగరాశారు, తన నిర్ధారణలను మాత్రం వదులుకోలేదు. అదే ఏడాది చివర పుస్తకంగా వచ్చినప్పుడు ఆయన గురువు ఎడ్విన్ కానన్ ముందుమాట రాస్తూ, శిష్యుడి విమర్శతో తాను చాలాచోట్ల ఏకీభవించనని దాచకుండా చెప్పాడు. ఏకీభవించకుండానే అచ్చు దాకా తోడుండే గైడు ఎంతమందికి దొరుకుతున్నాడు? మనకు ఎక్కువగా దొరికేది రెండు రకాలు: ఆర్నెల్లు చాప్టరు చూడనివాళ్ళు, చూసి మొత్తం తమ మాటల్లోకి మార్చేసేవాళ్ళు.

ఈ ఖాళీలోకి ఇప్పుడు పోలీసు పని చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే వెనక్కి పంపుతారు, 40 దాటితే ఏడాది ఆపుతారు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. దొంగతనాన్ని ఎవరూ సమర్థించరు. కానీ సొంత ఇంగ్లీషు వాక్యం లేని విద్యార్థి మూలంలోని వాక్యాన్ని తీసుకుని రెండు మాటలు మార్చి అతికించడం, భాష నేర్చుకునే దారిలో ఒక మజిలీ. దాన్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేరుకు డబ్బుంది, దాటించడానికి మనిషికి లేదు. ఏఐ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. ఏఐ రాసిందో లేదో పసిగడతామనే పరికరాలను 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి తప్పుగా చెప్పాయి. చిన్న మాటలు, సాదా వాక్యాలు రాసినందుకు పడిన శిక్ష అది. మన సెంట్రల్ యూనివర్సిటీల్లో ఇలాంటి ఆరోపణ ముందుగా ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

మన దగ్గర ఏమీ లేదని కాదు. అశోకా లాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయానికి రైటింగ్ సెంటర్ ఉంది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధనకు ప్రత్యేక కేంద్రం ఉంది. ఇంగ్లీషు బోధన మీదే 1958లో పుట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, హైదరాబాదులోనే ఉంది. దాని గోడ అవతలే ఉస్మానియా. ఈ రెండు క్యాంపస్‌ల మధ్య ఒక రైటింగ్ సెంటర్ నడపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ప్రణాళికా కాలంలో యూజీసీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ విద్యార్థులకు రెమెడియల్ కోచింగ్ నిధులిచ్చింది. ఆ డబ్బు చాలాచోట్ల గైడు పుస్తకాలకూ, గంటల లెక్కన ఉపన్యాసాలకూ పోయింది.

కాబట్టి డిమాండు స్పష్టంగా ఉండాలి. ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో లైబ్రరీ పక్కనే, అందరూ వచ్చే చోట, రైటింగ్ సెంటర్ కావాలి. ‘వీక్’ అన్న బోర్డు లేకుండా, ఫస్ట్ ర్యాంకరూ పీహెచ్‌డీ స్కాలరూ వచ్చే గదిగా ఉండాలి. ట్యూటర్లుగా తెలుగు, ఉర్దూ వచ్చిన సీనియర్ పరిశోధక విద్యార్థులను తీసుకోవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఈ దారి దాటినవాళ్ళకు మొదటి అవకాశం ఇవ్వాలి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకుండా జీతం ఇవ్వాలి. వాళ్ళలో కొందరికైనా అభ్యసన వైకల్యాల మీద శిక్షణ ఉండాలి. సర్టిఫికెట్ లేకపోయినా అదనపు గడువు, నోటితో జవాబు చెప్పే వీలు, ల్యాప్‌టాప్ మీద పరీక్ష రాసే వీలు ఇచ్చే అధికారం డిపార్ట్‌మెంటుకు ఉండాలి. 2022 ఉత్తర్వు స్ఫూర్తి అదే. పెద్దవాళ్ళకు తెలుగులో పనికొచ్చే పరీక్షా సాధనం తయారుచేసే పనిని ఇఫ్లూ, తెలుగు విశ్వవిద్యాలయం, నిమ్స్ లాంటి సంస్థలకు కలిపి అప్పగించాలి. సర్టిఫికెట్ కావాలన్నవాళ్ళ పరీక్ష ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం చేసింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఆ నిధుల కింద లెక్క చూపిస్తున్న సాధారణ ఖర్చుల్లో ఒక చిన్న భాగం చాలు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ట్యూటర్లకు జీతాలివ్వడానికి. విద్యార్థి సంఘాలు ఈలోపు చేయగల పని ఒకటుంది. తమ విశ్వవిద్యాలయంలో అభ్యసన వైకల్యం సర్టిఫికెట్‌తో చేరినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎంతమంది, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది, అదనపు సమయం అడిగితే ఎంతమందికి ఇచ్చారు, పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు ఈ వారమే పెట్టొచ్చు. వచ్చిన జవాబు కాపీని అకడమిక్ కౌన్సిల్ సమావేశానికి ముందే సభ్యులందరికీ పంపండి.